మిక్సీ అటకెక్కితే నిరాడంబరత వచ్చినట్లేనా?

పాఠకుల ప్రశ్నలు - సమాధానాలు

ప్రశ్న: నిరాడంబర జీవనం గురించి చదివి ప్రభావితులైన మా వారు ఇంట్లో యంత్రాలన్నీ తగ్గించాలని పట్టుబడుతున్నారు. మిక్సీ, వాషింగ్ మెషిన్ ఎవరికైనా ఇచ్చేసి రుబ్బురోలు తెప్పిద్దామంటారు. ఆయన ఉద్దేశం మంచిదే, కానీ రుబ్బేదీ ఉతికేదీ నేనే కదా! కాదంటే వస్తువుల మీద మోజు అనుకుంటారేమోనని సంకోచిస్తున్నాను. (ఒక గృహిణి, రాయగడ)

సమాధానం: ఇందులో సంకోచించవలసింది ఏమీ లేదు. వ్రతం ఒకరు పట్టి ఉపవాసం మరొకరి చేత చేయించడం ఏ సంప్రదాయంలోనూ లేదు. పెద్దల మాట కావాలంటే మీ వారికి గాంధీజీని గుర్తుచేయండి. యంత్రాల మీద వ్యామోహాన్ని అంత గట్టిగా విమర్శించిన ఆయనే, అన్ని యంత్రాలకూ మీరు వ్యతిరేకులా అని 1924లో ఒకరు అడిగినప్పుడు, సింగర్ కుట్టుమిషన్‌ను మినహాయింపుగా చూపారు. భార్య చేతికుట్టుతో అలసిపోవడం చూడలేక, ఆమె మీది ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన వివరించారు. ఇంటి ఇల్లాలి నడుము నొప్పిని తగ్గించే యంత్రానికి గాంధీజీ లెక్కలోనే చోటున్నప్పుడు, మీ మిక్సీని అటకెక్కించవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

కరెంటు లెక్క చూసినా అంతే. 750 వాట్ల మిక్సీని రోజూ పది నిమిషాలు వాడితే యూనిట్‌లో ఎనిమిదో వంతు ఖర్చవుతుంది. 2,000 వాట్ల గీజరును అరగంట వేస్తే ఒక యూనిట్ పూర్తిగా అయిపోతుంది, అంటే ఒక్క పూట వేన్నీళ్లకు పోయే కరెంటుతో మీ మిక్సీ ఎనిమిది రోజులు నడుస్తుంది. సుమారు 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ రోజుకు పన్నెండు గంటలు తిరిగే చోట తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ పెడితే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. అలాగని చక్కగా తిరుగుతున్న ఫ్యాన్లను పీకించి కొత్తవి కొనమని నేను చెప్పడం లేదు. వైండింగ్ కాలిపోయి మార్చక తప్పనప్పుడు ఆ రకం తెచ్చుకుంటే చాలు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, వీధి చివరి దుకాణానికి కూడా మోటారు సైకిల్ తీసే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే సంస్కరణను అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇక ఇంట్లో ఉన్న యంత్రాల సంగతి. వాటి తయారీకి పోయిన లోహమూ ఇంధనమూ ఎలాగూ పోయాయి. ఇచ్చేసినంత మాత్రాన అవి తిరిగి రావు. చేయగలిగిందల్లా వాటిని ఎక్కువ కాలం వాడుకోవడమే. మిక్సీ మోటారు తిరుగుతున్నా జార్‌లో బ్లేడు తిరగడం లేదంటే, చాలాసార్లు జార్ అడుగునున్న చిన్న కప్లర్ పళ్లు అరిగిపోయి ఉంటాయి. మోటారు ఆగి ఆగి తిరుగుతూ నిప్పురవ్వలు వస్తుంటే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండవచ్చు. బజారులో మెకానిక్ కొద్దిపాటి ఖర్చుతో మార్చి ఇచ్చే ఈ ముక్కల కోసం ఎన్నో ఇళ్లలో మిక్సీనే మార్చేస్తున్నారు.

వస్తువుల వెనుక ఎవరి కొండలు కరుగుతాయో మీ జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం సంగతిని గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పగా, ఆ ఏడాదే రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు ముక్తకంఠంతో వద్దన్నాయి. బాక్సైట్ అనే ఆ ఖనిజం నుంచే మన వంటింటి అల్యూమినియం వస్తుంది. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో సుమారు 95 శాతం ఆదా అవుతుంది కనుక, సొట్టపోయిన గిన్నెలను చెత్తకుప్పలో పారేయకుండా పాత సామాన్లు కొనేవారికి ఇవ్వండి.

మీ వారికి రుబ్బురోలే కావాలంటే తప్పకుండా తెప్పించుకోమనండి, పొత్రం తిప్పేది ఆయనే అయితే! అంతకన్నా తేలికైన పని ఇంకొకటి ఉంది. గుడ్డసంచి పట్టుకొని వారం వారం సంతకు వెళ్లి, కొండమీద వానాధారంగా పండిన చోళ్లు (రాగులు), చింతపండు, పసుపు అక్కడే పండించినవారి దగ్గర కొని తెచ్చే బాధ్యతను ఆయనకు అప్పగించండి. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల మిషన్ వల్ల చోళ్లకు మళ్లీ ఆదరణ వచ్చింది. అంబలి కాచడం కూడా ఆయన నేర్చుకోలేనంత విద్యేమీ కాదు.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి భోజనాలు అడ్డాకు విస్తళ్లలో పెడదామంటే, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే మా వియ్యాలవారి ముందు నామోషీ అని మా వాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, పర్లాకిమిడి)

సమాధానం: శ్రీకాకుళం వారికి అడ్డాకు కొత్తేమీ కాదు; వారి తాతల పెళ్లిళ్లన్నీ బహుశా వాటిలోనే జరిగి ఉంటాయి. నామోషీ పడవలసింది ఏమైనా ఉంటే మెరిసే వెండిరంగు కాగితం ప్లేట్ల గురించే, ఎందుకంటే ఆ మెరుపు పలుచటి ప్లాస్టిక్ పొరది; దాన్ని పశువు తింటే ముప్పు, మట్టిలో వేస్తే కుళ్లదు. పూర్తి ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ స్పూన్లూ అయితే 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం.

సవర, కోదు గిరిజన ఆడవాళ్లు అడవిలో కోసి, ఆరబెట్టి, సన్నని పుల్లలతో కుట్టిన విస్తళ్లు దొరికితే వాటినే తీసుకోండి. మెషిన్ మీద ఒత్తినవి కొనేటప్పుడు మాత్రం ఒకదాని అంచు చింపి చూడండి, రెండు ఆకుల మధ్య ప్లాస్టిక్ షీట్ పెట్టి అమ్మేవారూ ఉన్నారు. బఫే పెట్టి చేతిలో పట్టుకొని తినమంటే పలుచటి విస్తరి వంగిపోయి చారు చొక్కా మీదికి వస్తుంది, అప్పుడు మీ వాళ్ల మాటే నెగ్గుతుంది. కనుక కూర్చోబెట్టి బంతి భోజనం పెట్టించండి. గ్లాసులు మాత్రం టెంట్ హౌస్‌లో స్టీలువి అద్దెకు తీసుకొని, కడగడానికి ఇద్దరిని కూలికి పెట్టుకొని, ఆ కూలిని ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: నా ఫోన్ నెమ్మదించింది. వడ్డీ లేని వాయిదాల్లో కొత్తది ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చునా? (ఒక విద్యార్థి, గుణుపురం)

సమాధానం: సున్నా వడ్డీ అనేది అసలు ఉండదని 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టం చేసింది. సాధారణంగా రొక్కానికి ఇచ్చే తగ్గింపును మీకు ఇవ్వకుండా వడ్డీ కింద సర్దుతారు, పైన ప్రాసెసింగ్ ఫీజు ఉండవచ్చు. రొక్కం ధర ఎంతో, వాయిదాలన్నీ కలిపితే ఎంతో అడిగి రెండూ కాగితం మీద రాయించుకోండి. అంతకన్నా ముందు, నిండిపోయిన ఫొటోలూ వీడియోలూ వేరే చోట దాచి ఫోన్‌లో ఖాళీ చేయండి, బ్యాటరీ త్వరగా దిగిపోతుంటే మార్పించండి. అప్పటికీ బాగుపడకపోతే కొనుక్కోండి, తప్పేమీ లేదు.