ఫాస్ట్ ఫుడ్ అలవాటు ఎలా మానాలి? ఒక్క ముక్క నోట్లో పడితే ఆపుకోలేకపోతున్నాను

"వారంలో నాలుగు రాత్రులు బయటే తింటున్నాను, ఎన్నిసార్లు మానేసినా పది రోజులు దాటడం లేదు, విల్ పవర్ పెంచుకోవడం ఎలా" అని అడిగారు మీరు. విల్ పవర్ గురించి నాకు బాగా తెలుసు. నాకది 41 రోజులు బ్రహ్మాండంగా ఉండింది. 42వ రోజు రాత్రి ఎనిమిదిన్నరకి ఏమైందో చెప్తాను, వినండి.

మా గుంటూరులో ఫాస్ట్ ఫుడ్ అంటే బర్గరూ పిజ్జా కాదు. నూడిల్స్ బండి. సర్రుమనే గ్యాస్ మంట, దాని మీద నల్లటి కడాయి, గరిటె మోత. నాకు బ్రాడీపేటలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. సరిగ్గా ఎదురుగా అలాంటి బండి ఒకటి సాయంత్రం ఏడింటికి వెలుగుతుంది. షాపులో కూర్చుని, తల ఎత్తకుండా, మోతను బట్టి అక్కడ ఏం తయారవుతోందో చెప్పగలను. ఫ్రైడ్ రైస్‌కి గరిటె గీకుతున్నట్టు ఉంటుంది. నూడిల్స్‌కి కడాయిని విసిరి విసిరి దించుతాడు. మంచూరియాకి మాత్రం చివర్లో సాస్ పడగానే ఒక్కసారి చుయ్యిమంటుంది. ఆ చుయ్యి వినబడితే నేను టైపు చేస్తున్న అద్దె అగ్రిమెంటులో తప్పులు వచ్చేవి.

ఆరేళ్లు తిన్నాను. వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి ఐదు. డబుల్ ఎగ్ నూడిల్స్, పక్కన చికెన్ మంచూరియా. అక్కడ తినేసి ఇంటికెళ్లి, మా ఆవిడ వడ్డించిన అన్నం కూడా తినేవాణ్ణి, అనుమానం రాకుండా. నలభై మూడేళ్లకి బరువు 84 కిలోలు. రక్త పరీక్షలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 290 వచ్చింది, మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6.1. 5.7 నుంచి 6.4 వరకూ ఉంటే షుగర్ గుమ్మంలో నిలబడినట్టు. చూసిన డాక్టరు గారు "నూనె తగ్గించండి, బయట తినకండి" అని రెండు ముక్కలు చెప్పి తర్వాతి పేషంటును పిలిచారు. బయట తినకుండా ఎలా ఉండాలన్నది చీటీలో రాయలేదు.

ఆ ఏడు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. భక్తి ఉంది, కాదనను. కానీ ఈ తిండి వదులుతుందన్న ఆశ కూడా ఉంది. వదిలింది! చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, చాప మీద పడక. బండి రోజూ వెలుగుతూనే ఉంది, నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఇంత తేలికా, ఇన్నాళ్లూ ఊరికే భయపడ్డానే అనుకున్నాను. తోటి స్వాములకి ఉపన్యాసాలు కూడా ఇచ్చాను, మనసుంటే మార్గం ఉంటుందని.

ఇరుముడి కట్టుకుని శబరి ఎక్స్‌ప్రెస్‌లో చెంగన్నూరు వెళ్లి, స్వామి దర్శనం చేసుకుని, అదే రైల్లో తిరిగొచ్చి పొద్దున్నే గుంటూరులో దిగాం. మాల అమ్మ చేతుల మీదుగా తీయించుకున్నాను. ఆవిడ పులిహోర, పరమాన్నం చేసింది. కడుపునిండా తిని పడుకుని, సాయంత్రం నాలుగింటికి షాపు తెరిచాను. ఆరు రోజుల పని పేరుకుపోయి ఉంది. టీ తాగాను. ఇంకో టీ తాగాను. ఎనిమిదిన్నరకి ఎదురుగా చుయ్యిమంది.

బండి అబ్బాయి నన్ను చూసి నవ్వాడు. "స్వామీ, మాల తీసేశారా? అయితే వెయ్యమంటారా?"

వెయ్యమన్నాను. డబుల్ ఎగ్ నూడిల్స్. తర్వాత మంచూరియా ఫుల్ ప్లేటు. అయ్యాక ఇంకో హాఫ్. 41 రోజుల బాకీ ఎవరో వసూలు చేస్తున్నట్టు నిలబడి తిన్నాను. రుచి కూడా తెలియలేదు, రెండో ప్లేటు సగంలోనే నాలుక మొద్దుబారిపోయింది. అయినా చెయ్యి ఆగలేదు. ఇంటికెళ్లి చేతులు కడుక్కుని, పళ్లు తోముకుని, బుద్ధిగా కంచం ముందు కూర్చున్నాను. మా ఆవిడ గుత్తివంకాయ వడ్డించబోతూ ఆగింది. దీక్షలో పెంచిన గడ్డం ఇంకా తీయించలేదు కదా, దాని సంగతే మర్చిపోయాను. గడ్డం నిండా వెల్లుల్లి, సోయా సాస్ వాసన.

"మాలతో పాటు బుద్ధి కూడా తీసి దేవుడి గదిలో పెట్టారా ఏమండీ?" అంది. గట్టిగా కూడా అనలేదు. రాత్రి రెండింటికి గుండెల్లో మంటతో మెట్ల మీద కూర్చున్నాను, చేతిలో పుదీనా వాసనొచ్చే గులాబీ రంగు మందు సీసా.

ఆ మెట్ల మీదే ఆలోచన వచ్చింది. 41 రోజులు నన్ను ఆపింది నా మనోబలమైతే, అది ఒక్క పూటలో ఎక్కడికి పోతుంది? దీక్షలో రోజులు ఎలా గడిచాయో గుర్తు చేసుకున్నాను. ఒంటిగంటకి భిక్ష, కడుపునిండా. ఆరింటికల్లా షాపు మా బావమరిదికి అప్పజెప్పి సన్నిధానానికి వెళ్లేవాణ్ణి. ఏడున్నరకి అల్పాహారం, ఇడ్లీయో ఉప్మాయో. బండి చుయ్యిమనే సమయానికి నేను భజనలో ఉన్నాను! ఆ మోత నా చెవిన పడితే కదా. పైగా ఊరంతా స్వామీ అని పిలుస్తుంటే బండి దగ్గర నిలబడి మంచూరియా ఎవడు తింటాడు? నేను గెలిచానని అనుకున్న యుద్ధం అసలు జరగనే లేదు.

అప్పుడు పాడైన జిరాక్సు కాగితాల వెనక రాయడం మొదలుపెట్టాను. మూడు వారాలు. తిన్నానా లేదా, ఎన్నింటికి, అంతకు ముందు ఏం తిన్నాను. మానడానికి ప్రయత్నించలేదు, ఊరికే రాశాను. 21 రోజుల్లో 13 రోజులు తిన్నాను. అందులో 11 రోజులు మధ్యాహ్నం భోజనం తర్వాత కడుపులో టీ తప్ప ఏమీ పడలేదు. శాస్త్రవేత్తలు దీన్ని లెక్కలోకి తీసుకోరేమో గానీ, నాకు ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. మీరు కూడా ముందు అది రాయండి.

ఇక్కడ ఒక విసుగు చెప్పుకోవాలి. భయపెడితే మానేస్తారని అందరికీ ఒక నమ్మకం. నూనె పదేపదే కాచకూడదని, కాగిన కొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే పారబోయాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన నాకు తెలుసు. కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించిన వార్త కూడా చదివాను. ఎక్కడ చదివాననుకున్నారు? బండి దగ్గరే, ఆర్డరిచ్చి నిలబడి. చదివి, మా ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేసి, ప్లేటు అందుకున్నాను.

ఇంకొకటి, టేస్టింగ్ సాల్ట్. మనవాళ్లు ప్రతిదీ దాని నెత్తిన రుద్దుతారు, అది వేసి బానిసల్ని చేస్తారని. 1908లో ఇకెదా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు పులుసులోంచి తీసిన రుచి అది. ఆ ఉప్పులో ఉండే గ్లుటమేటే పండు టమాటాలో కూడా ఉంటుంది, మరి మన టమాటా చారుకి ఎవరూ బానిసలు కాలేదే. నేను నెల రోజులు "టేస్టింగ్ సాల్ట్ వద్దు బాబూ" అని చెప్పి వేయించుకున్నాను. అంతే తిన్నాను, ఒక ముక్క తగ్గలేదు. అలాగే "ఇంట్లో ఆరోగ్యంగా చేసుకోండి" అనే వీడియోలు. ఓట్స్‌తో మంచూరియా చేయించుకున్నాను ఒకసారి. అది తిని, అసలుది తినడానికి బండి దగ్గరికి వెళ్లాను. ఇక పెళ్లిళ్ల సంగతి చెప్పక్కర్లేదు, బొబ్బట్ల పక్కనే నూడిల్స్ లైవ్ కౌంటర్. ఎక్కడికని పారిపోతాం?

నేను చేసింది దీక్షలోంచి మాల తీసేసి, మిగిలినదంతా ఉంచుకోవడం. రోజూ అయిదున్నరకి షాపులోనే తింటాను. ఒక డబ్బా గుగ్గిళ్లు, లేకపోతే ఉప్మా, లేకపోతే పొద్దున మిగిలిన ఇడ్లీ రెండూ కారప్పొడి. ఆకలి వేసినా వేయకపోయినా. గిరాకీ ఉంటే "అయిదు నిమిషాలండీ" అని చెప్పి మరీ తింటాను. షాపు తొమ్మిదికి బదులు ఎనిమిదికే కట్టేస్తున్నాను, ఆ గంటలో వచ్చే బేరం ఏమంత ఉండేది కాదు, నూడిల్స్ బండి దగ్గర అయ్యే ఖర్చు దానికంటే ఎక్కువ. ఇంటికి వెనక లైనులోంచి వెళ్తాను. ఫోన్లో ఫుడ్ యాప్‌లు తీసేశాను, రాత్రి పదిన్నరకి "ఆకలేస్తోందా" అని కూపన్ పంపేవాడు మన శ్రేయోభిలాషి కాదు.

మొదటి పది రోజులు నరకమే. తొమ్మిదో రోజు ఎవరితోనో గొడవై, టెన్షన్‌లో, కాళ్లు వాటంతట అవే రోడ్డు దాటాయి. తిన్నాను. ఇదివరకైతే మర్నాడు పాపపరిహారంగా పస్తుండేవాణ్ణి, సాయంత్రానికి ఆకలి నకనకలాడి మళ్లీ బండి దగ్గర తేలేవాణ్ణి. ఈసారి మర్నాడు కూడా అయిదున్నరకి గుగ్గిళ్లు తిన్నాను, ఏమీ జరగనట్టు. మీరు పది రోజులు దాటడం లేదన్నారే, మీరు ఒక్కసారి జారిన మర్నాడు ఏం చేస్తున్నారో చూసుకోండి. నా అనుమానం అక్కడే.

ఇక మీరన్న ఆ "ఒక్క ముక్క" సంగతి. మొదలుపెడితే ఆగని తిండి ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి. నాకు తీపి మీద ధ్యాసే లేదు, ఇంట్లో అరకిలో మైసూర్ పాక్ ఉంటే పదిహేను రోజులు ఉంటుంది. మా ఆవిడ దగ్గర పూతరేకుల పెట్టె రెండు రోజులు ఉండదు, ఆవిడకి మంచూరియా ముఖం చూడాలని ఉండదు. మరి ఇద్దరికీ ఒకే డైట్ చార్టు ఇస్తే ఎలా? కాగితం మీద చూస్తే నాకు రెండే రెండు తేలాయి: మంచూరియా, ఆలూ చిప్స్. నూడిల్స్ నేను ప్లేటుతో ఆపగలను. కాబట్టి మంచూరియా పూర్తిగా బంద్, రుచి చూడటం కూడా లేదు. చైనాలో లేని ఈ చైనా వంటకాన్ని 1975 ప్రాంతంలో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన సృష్టించాడంటారు, ఆయనకో నమస్కారం. చిప్స్ ఇంటి గుమ్మం తొక్కవు. పిల్లలకి కావాలంటే బయటే తినేసి వస్తారు. నూడిల్స్ మాత్రం రెండు వారాలకోసారి, ఆదివారం, మా ఆవిడతో కలిసి, కుర్చీలున్న చోట కూర్చుని, సింగిల్. పార్సిల్ లేదు. నిలబడి తినేటప్పుడు నాకు లెక్క తెలియదు, ఎందుకో మరి.

ఒక్కటి మాత్రం వేరు. దాచుకుని విపరీతంగా తినడం, తిన్నాక కావాలని కక్కుకోవడం దాకా వెళ్తే నా గుగ్గిళ్లు పనికిరావు, మానసిక వైద్యుణ్ణి కలవండి.

ఏడు నెలలకి బరువు 78, ట్రైగ్లిజరైడ్స్ 168. ఇదంతా మంచూరియా మానడం వల్లేనని నేనంటాను, సాయంత్రం నడక వల్ల అని డాక్టరు గారంటారు. వెనక లైను కాస్త దూరం, నడక దాని వల్లే వచ్చింది, కాబట్టి నా మాటే నెగ్గినట్టు.

మొన్న బండి అబ్బాయి షాపుకి వచ్చాడు, కొత్త మెనూ టైపు చేయించుకోవడానికి. ఇప్పటికీ నన్ను స్వామీ అనే పిలుస్తాడు. 42 రకాలు, అందులో మంచూరియాలే ఏడు. ఒక్కొక్కటే చదువుతుంటే నేను టైపు చేశాను. ఆరు దాటింది అప్పటికి, డబ్బా ఖాళీ చేసి అరగంట అయింది. రెండు చోట్ల మంచూరియా స్పెల్లింగు తప్పు రాసుకొచ్చాడు, సరిచేశాను. లామినేషన్‌తో కలిపి నూట ఎనభై అయింది. "డబ్బులు ఎందుకు స్వామీ, రాత్రికి స్పెషల్‌గా ఒక ఫుల్ పార్సిల్ కట్టిస్తా" అన్నాడు.

డబ్బులే ఇమ్మన్నాను.