పాఠకుల ప్రశ్నలు: పడవలన్నీ ఒడ్డుకు చేరాకే నెట్‌వర్క్ చతికిలబడుతోంది

ప్రశ్న: టవర్ అందని చోట బోటు నుంచి బోటుకు చేతులు మారుతూ సందేశం చేరేలా ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న చిప్) బోర్డులు తయారుచేశాం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో 40 బోట్లలో పెట్టాం. సముద్రం మీద బాగానే ఉన్నాయి. బోట్లన్నీ హార్బర్‌కు వచ్చాక మెమరీ నిండి కొత్త సందేశాలు తీసుకోవడం లేదు. 2600 మిల్లీయాంప్ అవర్ సెల్ ఒక్కరోజులో అయిపోతోంది. పెద్ద సెల్ వేయాలా? – ఇంజినీరింగ్ విద్యార్థులు, మధురవాడ

జవాబు: వద్దు. మెమరీ నిండడానికీ, సెల్ అయిపోవడానికీ మూలం దాదాపు ఒకటే: అక్కర్లేని కాపీలు, అక్కర్లేకుండా మేలుకున్న రేడియో.

ఎదురైన ప్రతి బోర్డుకూ ఉన్నవన్నీ ఇచ్చేసే ఎపిడెమిక్ పద్ధతి మీది అయివుంటుంది. లెక్క చూడండి. బోటుకు రోజుకు 10 సందేశాలంటే మొత్తం 400. హార్బర్‌లో అందరూ అందరికీ ఇచ్చుకుంటే 16,000 కాపీలు. స్ప్రే అండ్ వెయిట్‌కు మారండి: ఒక్కో సందేశానికి 8 కాపీలే అనుమతి, ఎదురైనవాళ్లకు అందులో సగం. 8 కాస్తా 4, 2, 1 అవుతుంది. ఒకటే మిగిలితే అసలు గ్రహీత కనపడేదాకా పట్టుకుని ఉండాలి. అప్పుడు 3,200కు మించవు.

అయినా చేరిపోయిన సందేశాలు ఊరికే తిరుగుతూనే ఉంటాయి. అందుకని గ్రహీత బోర్డు ఆ సందేశం నంబరును ‘అందింది’ జాబితాలో చేర్చాలి. బోర్డులు కలిసినప్పుడు ముందు ఈ జాబితానే మార్చుకోవాలి. నంబరుకు 8 బైట్లు చొప్పున 400కు 3.2 కిలోబైట్లే. మెమరీ నిండితే కొత్తదాన్ని తిప్పిపంపకండి, పాచిపోయినవి కూర్చుని తాజావి బయట నిలబడతాయి. గడువు తీరినవి, అందినవి, ఇతరులవాటిలో ఎక్కువసార్లు పంచినవి, ఈ వరసలో తీసేయండి. గడువు అందరికీ ఒకటే పెట్టొద్దు. రాత్రి వెళ్లి పొద్దున్నే వచ్చే బోటుకు 24 గంటలు సరిపోతాయి, రోజుల తరబడి వేటలో ఉండే మరబోటుకు చాలవు.

ఇక కరెంటు. ఈఎస్‌పీ32 వైఫై వింటూ కూర్చుంటేనే సుమారు 100 మిల్లీయాంప్ లాగుతుంది. మీ ఒక్కరోజు అందుకే. 30 సెకన్లకోసారి 3 సెకన్లు మాత్రమే మేల్కొంటే సగటు 10 దగ్గరికి దిగుతుంది, డేటా వస్తున్నంతసేపు మాత్రం నిద్రపోనివ్వొద్దు. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. అందరి చక్రం 30 సెకన్లే అయి, మేలుకునే క్షణాలు కలవకపోతే, రెండు బోట్లు పక్కపక్కనే ఉన్నా చాలాసేపు ఒకదానికొకటి కనపడవు. చిప్ సొంత గడియారం వేడికి జారుతుంది కాబట్టి డీఎస్3231 గడియారం పెట్టి, ప్రతి నిమిషం 0, 30 సెకన్ల దగ్గర అందరినీ లేపండి. దాని తప్పు రోజుకు సెకనులో ఐదో వంతు కూడా ఉండదు. అయితే హార్బర్‌లో అందరూ ఒకేసారి అరిస్తే సంకేతాలు ఢీకొంటాయి, కాబట్టి మొదటి పలకరింపును 0 నుంచి 500 మిల్లీసెకన్ల మధ్య ఇష్టమొచ్చినట్టు ఆలస్యం చేయించండి.

ఈ విరామాన్ని 30 సెకన్లకు మించి పెంచొద్దు. 100 మీటర్ల రేంజిలో, ఎదురెదురుగా గంటకు 20 కిలోమీటర్ల సాపేక్ష వేగంతో దాటే బోట్లు కలిసుండేది 36 సెకన్లే. ఒడ్డున కట్టేసినప్పుడు సంగతి వేరు: పక్కన అవే బోర్డులు వరసగా కనిపిస్తుంటే విరామాన్ని 1, 2, 4 నిమిషాలుగా 16 దాకా రెట్టింపు చేసుకుంటూ పొండి, కొత్త ముఖం కనపడగానే తిరిగి 30 సెకన్లకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఇది లేకపోతే మీ బోర్డులు కదలని బోట్ల మధ్య ఊసుపోని కబుర్లకే సెల్‌ను తినేస్తాయి.

సెల్ సగం ఉండగానే బోర్డు రీసెట్ అవుతోందా? సెల్ వోల్టేజీని చిప్‌కు తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్ మీద ఏఎంఎస్1117 అని ఉందేమో చూడండి. దానికి లోపలికొచ్చే, బయటికిచ్చే వోల్టేజీల మధ్య వోల్టు పైనే తేడా కావాలి. 3.7 వోల్టుల సెల్‌తో చిప్‌కు 2.6 దగ్గరే అందుతుంది, వైఫై పంపే క్షణంలో కుప్పకూలుతుంది. తక్కువ తేడాతో నడిచే ఏపీ2112 రెగ్యులేటర్ వేసి, పక్కన 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. పవర్ ఎల్‌ఈడీ పీకేయండి, నిద్రలో కూడా అది తాగుతూనే ఉంటుంది.

ప్రశ్న: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు పడినట్టు టవర్లు పడిపోతే, ఇదంతా మామూలు ఫోన్లతో చేయొచ్చా? – ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: చేయొచ్చు, కానీ స్క్రీన్ ఆరినా నడిచేలా యాప్ రాయాలి. ఆండ్రాయిడ్ 8.1 నుంచి ఫిల్టర్ లేని బ్లూటూత్ స్కాన్ స్క్రీన్ ఆరగానే ఆగిపోతుంది. మీ యాప్ సర్వీసు నంబరుతో ఫిల్టర్ పెట్టి, నోటిఫికేషన్ చూపించే ఫోర్‌గ్రౌండ్ సర్వీసుగా నడపాలి. ఫోటోలు వద్దు: 200 కిలోబైట్ల ఫోటో ఒక్కటి, కిలోబైటు సందేశాలు 200 పట్టే చోటు తినేస్తుంది.