బ్లాగ్ పెట్టండి, చిట్టీ మాత్రం ఎత్తకండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ఉండేది హనుమకొండలో. ఐదేళ్లుగా ఫ్రీలాన్స్‌గా తెలుగు కంటెంట్ రాస్తున్నాను. ఒక్కో వ్యాసానికి 700 రూపాయలు వస్తాయి. నెలకు 30 వేల దాకా బిల్లులు అవుతాయి. అందులో 22 వేలు హైదరాబాద్‌లోని ఒకే ఏజెన్సీవి, వాళ్లు 10 శాతం కోసుకుని ఇస్తారు. మిగతా 8 వేలు ఇక్కడి రెండు కోచింగ్ సెంటర్లు, ఒక ఆసుపత్రి నుంచి వస్తాయి. నా రాతలేవీ నా పేరుతో రావు. సొంత బ్లాగ్ పెట్టాలని ఉంది. డిజైన్, మూడేళ్ల హోస్టింగ్ (బ్లాగ్‌ను నెట్‌లో ఉంచే చోటు), సెర్చ్‌లో పైకి తేవడం అన్నీ కలిపి 48 వేలు అడుగుతున్నారు. నాకు 2 లక్షల చిట్టీ ఉంది, ఇప్పుడు పాడుకుంటే 1,60,000 చేతికొస్తుంది. కోచింగ్ సెంటర్ల పని మానేసి ఆ టైమ్‌లో సినిమాలు, కవిత్వం, మా ఊరి మిర్చి సాగు, అన్నింటి మీదా రాద్దామనుకుంటున్నాను. యాడ్స్ మీద నెలకు ఎంత వస్తుందని లెక్క వేసుకోవచ్చు? ఇంటి ఖర్చు నెలకు 24 వేలు. మా ఆవిడ ప్రైవేటు బడిలో టీచర్.

జవాబు: సున్నా అని వేసుకోండి. బ్లాగుల్లో యాడ్స్ పెట్టి అందులో వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు పేజీలకూ యాడ్స్ ఇస్తున్న మాట నిజమే. కానీ ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా పైసా విడుదల కాదు. కొత్త బ్లాగ్‌కు ఆ వంద రావడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. వస్తే సంతోషం. ఇంటి బడ్జెట్‌లో మాత్రం దానికి చోటివ్వకండి.

అయినా బ్లాగ్ పెట్టమనే చెబుతాను. మీరు రాసిన అంకెల్లో నాకు టెన్షన్ పెట్టింది 48 వేలు కాదు, 30లో 22. ఏజెన్సీలో మీకు పని ఇచ్చే మనిషి మారినా, రేపటి నుంచి ఏఐతో రాయించుకుందామని వాళ్లు అనుకున్నా, మీ ఆదాయంలో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క ఫోన్ కాల్‌తో పోతుంది. అప్పుడు కొత్త క్లయింట్ దగ్గరికి వెళ్తే "మీరు రాసినవి ఏవైనా చూపించండి" అంటాడు. ఐదేళ్లు రాసి కూడా చూపించడానికి మీ పేరున్న పేజీ ఒక్కటి లేదు. అందుకే ఈ ఖర్చును నేను బీమా ప్రీమియం పద్దులో రాస్తాను. ప్రీమియం కట్టాలి, కానీ దానికోసం ఇల్లు తాకట్టు పెట్టం కదా.

అదే కారణంతో కోచింగ్ సెంటర్ల పని మానొద్దు. ఆ 8 వేలే ఇప్పుడు ఏజెన్సీతో సంబంధం లేని ఆదాయం. దాన్ని తగ్గించుకుంటే ఏజెన్సీ మీద ఇంకా ఎక్కువ ఆధారపడతారు.

ఇక 48 వేల సంగతి. మొదలుపెట్టడానికి అంత అవసరం లేదు. గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో హోస్టింగ్ ఉచితం, సొంత డొమైన్ (వెబ్ చిరునామా) కూడా తగిలించుకోవచ్చు. మీ పేరుతో ఒక డొమైన్ కొనండి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూడండి. అసలు ధర అదే. డొమైన్ మీ ఈమెయిల్‌తో, మీ పేరు మీదే రిజిస్టర్ కావాలి. డిజైనర్ తన ఖాతాలో కొనిపెడతానంటే ఒప్పుకోకండి, తర్వాత ప్రతి రెన్యువల్‌కూ ఆయన చుట్టూ తిరగాల్సి వస్తుంది. సెర్చ్‌లో మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చేయండి. అలాంటి గ్యారంటీ ఇవ్వడం ఎవరి చేతుల్లోనూ లేదు.

అసలు ఖర్చు మీ సమయం, దాన్ని మీరు లెక్కలోకే తీసుకోలేదు. నెలకు రెండు వ్యాసాలు బ్లాగ్‌కు రాస్తే, మీ 700 చొప్పున ఏడాదికి 16,800 రూపాయల పని అది. వారానికొకటి అంటే 36,400. నెలకు రెండు చాలు. ఆ రెండూ కొత్త పని తెచ్చేవి అయ్యుండాలి. అందుకే సినిమాలు, కవిత్వం పక్కన పెట్టి మిర్చి పట్టుకోండి. సినిమాల మీద రాసేవాళ్లకు కొదవ లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో తేమ పేరు చెప్పి రేటు ఎలా కోస్తారో, చపాటా రకం మిర్చికీ తేజా రకానికీ తేడా ఏమిటో రైతు మాటల్లో రాయగలిగేవాళ్లు తక్కువ. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. విత్తన కంపెనీలకు, వ్యవసాయ యాప్‌లకు తెలుగు రాతగాళ్లు కావాలి. వాళ్లిచ్చే రేటు కోచింగ్ సెంటర్ కరపత్రం రేటు కంటే మెరుగ్గా ఉండే అవకాశం ఉంది. నారు పోసే ముందు నారు గురించి, కోతలకు ముందు ధరల గురించి రాయండి. సీజన్ దాటాక వచ్చిన వ్యాసం ఎవరికీ అక్కరకు రాదు. కవిత్వం మీ ఆనందానికి రాసుకోండి, దాని జోలికి నేను రాను.

ఏజెన్సీకి రాసిన పాతవి బ్లాగ్‌లో పెట్టుకోవచ్చా అనే సందేహం మీకు రాకమానదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి కాని రచయిత రాసినదానికి మొదటి హక్కుదారు ఆ రచయితే. రాతపూర్వకంగా ఇస్తేనే ఆ హక్కు చేతులు మారుతుంది. ఎన్నేళ్లకో ఆ కాగితంలో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు. కాబట్టి మీరు సంతకం పెట్టిన ఒప్పందం ఒకసారి తీసి చదవండి. హక్కు మీదే అని తేలినా, 22 వేలిచ్చే క్లయింట్‌తో గొడవెందుకు? మెయిల్‌లో అడిగి, సరే అంటేనే పెట్టండి.

మీరు బ్రాకెట్‌లో పెట్టినంత తేలిగ్గా రాసేసిన ఆ 10 శాతం కోత గురించి. అది టీడీఎస్, అంటే సొమ్ము ఇచ్చేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను అయ్యుండాలి. నెలకు 2,200 చొప్పున ఏడాదికి 26,400 మీ పాన్ మీద ప్రభుత్వానికి జమ అవుతుండాలి. అవుతుందో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో మీ పన్ను జమల పట్టీలో చూసుకోండి. 2025–26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేదు. మీ ఆదాయం 3,60,000. గడువులోగా రిటర్న్ వేస్తే ఆ 26,400 మొత్తం వెనక్కి రావాలి. వేయకపోతే రాదు, గడువు దాటిన పాత ఏళ్ల సొమ్ము రాబట్టుకోవడం చాలా కష్టం. ఇంతకాలం రిటర్న్ వేయలేదా? అయితే ముందు ఈ పని చూడండి, బ్లాగ్ తర్వాత. డొమైన్ బిల్లు, నెట్ బిల్లు దాచండి, వృత్తి ఖర్చు కింద చూపించుకోవచ్చు. బ్లాగ్‌కు కావలసిన సొమ్ము ఈ రీఫండ్‌లోంచే వస్తుంది, ఇంకా చాలా మిగులుతుంది.

మరి చిట్టీ ఎందుకు ఎత్తడం? ఇప్పుడు పాడితే 40 వేలు వదులుకోవాలి, పైగా జామీనుకు మనుషుల్ని వెతకాలి. హనుమకొండలో ప్రభుత్వ ఉద్యోగం ఉన్న ప్రతి బంధువూ ఇప్పటికే ఎవరికో సంతకం పెట్టే ఉంటాడు. చివరిదాకా కట్టండి. అప్పుడు వచ్చే సొమ్ములోంచి ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,44,000 బ్యాంకులో ఎఫ్‌డీగా వేయండి. ఒకే ఎఫ్‌డీగా కాకుండా 24 వేల చొప్పున ఆరు వేయండి, ఏ నెల బిల్లు ఆగితే ఆ నెలకు ఒక్కటి తీసుకుంటే సరిపోతుంది.