తొమ్మిదో నెల చెకప్: మంచిగున్న పిల్లగాణ్ణి డాక్టర్‌కు ఎందుకు చూపించాలి, ఏం పట్టుకుపోవాలి?

మీరు అడిగింది ఇది: నర్సంపేట దగ్గర ఉంటాం, బాబుకు తొమ్మిది నెలలు నిండుతున్నాయి, జ్వరం లేదు, దగ్గు లేదు. "మంచిగున్న పిల్లగాణ్ణి దవాఖానకు ఎందుకు తిప్పుడు" అని అత్తమ్మ అంటున్నారు. ఊళ్లో టీకా వేయిస్తే సరిపోతుందా, హన్మకొండ తీసుకుపోవాలా?

రెండూ చేయండి. టీకా ఊళ్లోనే వేయించండి, చెకప్ పిల్లల డాక్టర్ దగ్గర చేయించండి. ఫీజు భారమనుకుంటే వరంగల్ ఎంజీఎంలో పిల్లల ఓపీ ఉంది, పొద్దున్నే పోవాలి. ఆరు నెలల దాకా తల్లిపాల మీద సాఫీగా పెరిగిన పిల్లలు చాలామంది తిండి మొదలుపెట్టాకే వెనకబడతారు. ఆడుతుంటాడు, నవ్వుతుంటాడు, బరువు మాత్రం రెండు నెలలుగా అక్కడే ఉంటుంది. ఎత్తుకున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. టీకా కార్డులో బరువు గుర్తుపెట్టే పట్టికలోని గీతే చెప్పాలి.

కాబట్టి అసలు పని తూకం. మొలతాడు, కడియాలు, తాయెత్తు, డైపర్ అన్నీ తీసేయండి. తడిసిన డైపర్ ఒక్కటే రెండు మూడు వందల గ్రాములు తూగుతుంది, ఈ వయసులో పిల్లలు నెలకు పెరిగేదీ దాదాపు అంతే. పోయినసారి డైపర్‌తో, ఈసారి లేకుండా తూస్తే ఒక నెల పెరగనట్టే కనిపిస్తాడు. తొట్టిలో గుడ్డ పరిచాక మిషన్ సున్నా చూపిస్తోందో లేదో మీరే చూసుకోండి. పొడవు పడుకోబెట్టి కొలవాలి. ఒకరు తల పట్టుకుంటే ఇంకొకరు మోకాళ్లు చాపి పాదాలు పలకకు ఆనించాలి. కాలు ముడుచుకున్నప్పుడు రాసుకున్న కొలత పనికిరాదు.

డబ్ల్యూహెచ్‌ఓ పట్టికలో తొమ్మిది నెలలకు మగపిల్లల మధ్యస్థ బరువు 8.9 కిలోలు, ఆడపిల్లలది 8.2. మగపిల్లలు 7.1 కంటే, ఆడపిల్లలు 6.5 కంటే తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. పక్కింటి పిల్లగాడు పది కిలోలున్నాడని దిగులు పడకండి. మీ బాబు 7.8 ఉండి గీత పైకి పోతుంటే భయం లేదు. 9 కిలోలుండి రెండు నెలలుగా గీత అడ్డంగా పడితేనే డాక్టర్‌ను గట్టిగా అడగాలి. అంగన్‌వాడీలో జబ్బ చుట్టూ టేపు పెట్టించుకోండి: 12.5 సెంటీమీటర్లకు తగ్గితే జాగ్రత్త పడాలి, 11.5కు తగ్గితే ఆలస్యం చేయొద్దు.

గీత ఆగిపోవడానికి మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే కారణం నీళ్ల తిండి. పప్పుచారు పైతేట, పలుచటి రాగిజావ, పాలలో ముంచిన బిస్కెట్. కడుపు నిండుతుంది, బలం రాదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత గట్టిగా ఉండాలి. మెత్తని అన్నం, ముద్దపప్పు, మీద ఒక చెంచా నెయ్యి, గుడ్డు, మెదిపిన ఆకుకూర పెట్టొచ్చు. ఒక్కోసారి 250 మి.లీ. గిన్నెలో సగం, రోజుకు మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి, దాంతోపాటు తల్లిపాలు. అంగన్‌వాడీలో నెలకు 2.5 కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. అది పిల్లగాడిది, ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకోవడానికి కాదు. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, తల్లిపాల బదులు ఆవుపాలు, బర్రెపాలు పట్టొద్దు. ముందు రోజు ఏమేం పెట్టారో, ఎంత తిన్నాడో చీటీ మీద రాసుకుపోండి. "అన్నీ తింటడు డాక్టర్" అంటే ఆయనకు ఏమీ తెలియదు.

డాక్టర్ మాడు, గుండె, కళ్లు, అరచేతుల పాలిపోవడం చూస్తారు. రెండు వృషణాలూ కిందికి దిగాయా అని సిగ్గుపడకుండా అడగండి. ఆరు నెలలు దాటినా దిగకపోతే సర్జన్‌కు చూపించాలి, ఆపరేషన్ అవసరమైతే ఏడాది వయసు ప్రాంతంలో చేస్తారు. ఈ వయసుకు ఆసరా లేకుండా కూర్చోవాలి, పేరు పిలిస్తే తిరగాలి, బొమ్మను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాలి, బాబాబా, దాదాదా అనాలి. క్లినిక్‌లో ఏడుపు తప్ప ఇవేవీ చేయడు. ఇంట్లోనే ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసుకుపోండి. వాకర్ కొన్నారా అని కూడా అడుగుతారు, కొనకపోతేనే మంచిది.

ఇక టీకాలు. ఊళ్లలో ఎక్కువగా బుధ, శనివారాలు వేస్తారు, ఏ రోజో ఆశాను అడగండి. తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) కుడి జబ్బకు, పోలియో సూది ఎడమ జబ్బకు, పీసీవీ (న్యుమోనియా టీకా) బూస్టర్ తొడకు వేస్తారు. విటమిన్ ఎ 1 మి.లీ. నోట్లో పోస్తారు, అంటే ఆ సీసాతో వచ్చే చెంచాలో సగం గీత దాకానే. ఎంఆర్ మందు కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేస్తారు. అందుకే పొద్దున్నే పోండి. చిన్న జలుబుకు టీకా ఆపాల్సిన పని లేదు. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ప్రైవేటులో ఎంఎంఆర్ వేస్తారు, అందులో గవదబిళ్లల టీకా అదనం. ఎంఆర్ వేయించి మళ్లీ వెంటనే అది వేయించకండి. ఎక్కడ వేయించినా అదే కార్డులో రాయించండి.

పీసీవీ జ్వరం ఒకటి రెండు రోజుల్లో వచ్చి పోతుంది. ఎంఆర్ జ్వరం, ఒంటి మీద ఎర్రటి పొక్కులు వారం పది రోజులకు వస్తాయి, అప్పటికి టీకా సంగతే మరచిపోయి కంగారు పడతారు. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. లెక్క. 8.5 కిలోల బాబుకు 125 సిరప్ (5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండేది) అయితే 5 మి.లీ., 250 సిరప్ (5 మి.లీ.లో 250 మి.గ్రా.) అయితే 2.5 మి.లీ., ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్ అయితే 1.25 మి.లీ. డ్రాప్స్ సీసాలోంచి 5 మి.లీ. పోస్తే నాలుగింతలు పడుతుంది, పొరపాటు ఇక్కడే జరుగుతుంది, సీసా మీది అంకె చదవండి. ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగు సార్లకు మించొద్దు. జ్వరం రాకముందే పట్టించొద్దు. ఫిట్స్ వచ్చినా, పాలు తాగడం మానేసినా, జ్వరం మూడో రోజుకూ తగ్గకపోయినా దవాఖానకు తీసుకుపోండి.

తర్వాతి చెకప్ ఏడాది నిండాక, తర్వాతి టీకాలు 16 నెలలు నిండాక. ఆ రెండు తేదీలు కార్డు అట్ట మీదే రాయించుకోండి.