జనాభా చాలదంటున్నారు, మా ఊరికి రోడ్డు రాదా?

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండ మీద ఊరు. 180 మందిమి ఉంటాం. గెడ్డ (వాగు) అవతల, 400 మీటర్ల దూరంలో ఇంకో చిన్న ఊరుంది, అక్కడ 90 మంది. తారు రోడ్డెక్కాలంటే నాలుగు కిలోమీటర్లు నడవాలి. వానల్లో గెడ్డ పొంగితే గర్భిణులను డోలీలో మోసుకెళ్తున్నాం. రోడ్డు అడిగితే జనాభా చాలదంటున్నారు. ఎంతమంది ఉండాలండీ? బస్సు సంగతి కూడా చెప్పండి.
— ఒక పాఠకుడు, పాడేరు ప్రాంతం

జవాబు: ఆ మాట విని వెనక్కి వచ్చేయకండి. ఏ లెక్క ప్రకారం చాలదో రాసి ఇమ్మని అడగండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైనప్పటి నుంచి మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉంటే ఆ ఊరికి రోడ్డు వేయొచ్చన్నది నిబంధన. 2024లో ఆమోదం పొందిన నాలుగో దశలోనూ ఇవే అంకెలు, కాకపోతే ఇప్పుడు చూసేది 2011 జనాభా లెక్కలు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకైతే 100 మందే చాలు. చెంచులు, కొండరెడ్ల వంటి ఆదిమ గిరిజన తెగల ఊళ్ళకు పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం కింద కూడా 100 మంది ఉంటే సరిపోతుంది.

మీ విషయంలో అసలు కీలకం వేరే ఉంది. 500 మీటర్ల లోపు ఉన్న ఊళ్ళ జనాభాను కలిపి లెక్కపెట్టొచ్చు, కొండల్లో అయితే కాలిబాట దూరం కిలోమీటరున్నర దాకా. మీ 180, గెడ్డ అవతలి 90 కలిస్తే 270! 2011 లెక్కల్లోనూ రెండూ కలిపి 250 దాటాయేమో ముందు చూసుకోండి. ఇంకో చిక్కు కూడా ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు: జనాభా లెక్కల పుస్తకాల్లో అంకెలు రెవెన్యూ గ్రామం పేరు మీద ఉంటాయి, మీలాంటి శివారు ఊళ్ళు అందులో కలిసిపోతాయి. పెద్ద ఊరికి రోడ్డు ఉంటే కాగితం మీద మీకూ ఉన్నట్టే కనిపించొచ్చు, కానీ ఈ పథకం చూడాల్సింది రెవెన్యూ గ్రామాన్ని కాదు, విడివిడి ఆవాసాలను, అంటే జనం ఉండే ఒక్కో చిన్న ఊరినీ. కాబట్టి పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్ళ దగ్గర మీ ఆవాసం పేరు జాబితాలో ఉందా, ఎదురుగా ఎంత జనాభా రాశారు, రోడ్డు ఉన్నట్టు చూపారా లేనట్టా, ఈ మూడూ అడిగి తెలుసుకోండి. తప్పుంటే రెండు ఊళ్ళవాళ్ళూ గ్రామసభలో తీర్మానం చేసి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

దారిలో అడవి ఉందని ఆపితే అదీ ముగింపు కాదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం, గ్రామసభ సిఫారసు ఉంటే, హెక్టారు కన్నా తక్కువ అటవీ భూమిలో, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టే పని లేనప్పుడు రోడ్డుకు అనుమతి ఇవ్వొచ్చు. నాలుగు కిలోమీటర్ల రోడ్డంటే అడవిలోంచి వెళ్ళే ముక్క ఎంతో కొలిపించాలి మరి. అర్జీలో గెడ్డ మీద వంతెన మాట తప్పకుండా రాయండి, అది లేకుండా రోడ్డేస్తే ఎండాకాలానికే పనికొస్తుంది.

బస్సు ఆర్టీసీ చేతిలో పని, రోడ్డు పడగానే దానంతటదే రాదు. మలుపులు, వెడల్పు, బస్సు తిప్పుకునే జాగా చూస్తారు, ఎంతమంది ఎక్కుతారో చూస్తారు. అందుకని రోజంతా సర్వీసు కావాలని కాకుండా, సంత రోజు ఒక ట్రిప్పు, బడి వేళకు ఒక ట్రిప్పు అని డిపో మేనేజర్‌ను అడగండి, దారిలో పడే ఊళ్ళన్నిటి సంతకాలూ పెట్టించండి. ఒక్క ఊరు అడిగితే కష్టం.

వచ్చే జనాభా లెక్కలకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. లెక్కకు వచ్చినవాళ్ళు మీ రెండు ఊళ్ళలో ప్రతి ఇంటికీ వచ్చారో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి.