అవీజ్ వస్తున్న మా మేనల్లుడికి: కోత సరే, ముందు కత్తిరింపు నేర్చుకో

ఒరే అల్లుడూ,

సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లో షాంపేన్ వైన్ చేసే షాంపేన్ ప్రాంతానికి, మా అవీజ్ ఊరికి వచ్చి ద్రాక్ష కోతకి దిగుతానని, నచ్చితే ఇక్కడే తోటల్లో సెటిల్ అయిపోతానని మెసేజ్ పెట్టావ్ కదా, చాలా సంతోషం. యానాంలో తాతగారు అప్పట్లో ఫ్రెంచ్ నేషనాలిటీ వదులుకోలేదు కాబట్టి నీకు పాస్‌పోర్ట్ ఉంది, పేపర్ల తలనొప్పి లేదు. కానీ ఒక్క మాట ముందే చెప్తున్నా, కోత చూసి తోటపని అంటే ఇదే అనుకునేవు. కోత పదిరోజుల తిరనాళ్ళు అంతే. తోట నిలబడేదీ పాడయ్యేదీ చలికాలంలో కత్తెర పట్టినోడి చేతిలో ఉంటది.

సరే ముందు కోత సంగతి తేల్చేద్దాం. షాంపేన్‌లో మెషిన్‌తో కొయ్యడానికి రూల్స్ ఒప్పుకోవు, మొత్తం చేత్తోనే, గుత్తి నలక్కుండా గానుగ దాకా వెళ్ళాలి. ఒక్కో విడత 4000 కిలోలు వేసి మెల్లగా నొక్కుతారు, అందులోంచి 2550 లీటర్ల రసం మించి తియ్యకూడదు, మొదట దిగే 2050 లీటర్లే అసలు సరుకు. హైదరాబాద్ వైపు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్ళ కింద తలెత్తి కోసేవాళ్ళు, ఇక్కడ గుత్తులు మోకాలి దగ్గర వేలాడతాయ్, మూడోరోజుకి నడుం నీది కానట్టుంటది. వరుసకి అటొకరు ఇటొకరు కూర్చుని కోస్తారు కాబట్టి ఆకుల్లో అవతలి మనిషి వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకోకుండా కత్తెర వెయ్యకు, ఎడం చెయ్యి గుత్తి అడుగున పెట్టి కాడ కనపడ్డాకే కొయ్యి. పొద్దున్నే మంచుకి ప్యాంటు మొత్తం తడిసిపోద్ది, వాటర్‌ప్రూఫ్ తెచ్చుకో. మధ్యాహ్నం ఎండని తక్కువ అంచనా వెయ్యకు, 2023 కోతలో విపరీతమైన ఎండల్లో పనోళ్ళు చచ్చిపోయారు ఇక్కడ. అదే ఏడు కొందరు కూలీల్ని పశువుల్లా కుక్కి పడుకోబెట్టారని కేసు కోర్టు దాకా పోయింది. అందుకే పడక ఎక్కడ, కూలి గంట లెక్కా కిలో లెక్కా, అన్నీ కాగితం మీద ఉండాలి. కోతకి వేరే కాంట్రాక్ట్ ఉంటది, నెలకి మించి ఇవ్వరు. చివర్రోజు కోషెలే అని పెద్ద విందు చేస్తారు, అది మాత్రం వదలకు, పీకలదాకా తిను.

ఇక కత్తిరింపు. ఆకు రాలిన దగ్గర్నుంచి మార్చి దాకా అదే పని, హెక్టారుకి ఎనిమిదివేల మొక్కలు అటూఇటూగా ఉంటాయ్, ప్రతీదాని దగ్గరా ఆగి ఆలోచించాలి. మా వైపు అవీజ్, క్రమాన్, మెనీల్ అంతా సుద్ద నేల, వేసేది దాదాపు అంతా షార్డొనే అనే తెల్ల ద్రాక్ష. ఆ రకానికి కొమ్మ మొదట్లో ఉన్న కళ్ళు, అంటే చిగురేసే మొగ్గలు, సరిగ్గా కాపు ఇవ్వవు, అందుకని రెండు కళ్ళు వదిలి నరికేస్తే పంట పోయినట్టే. చాబ్లీ పద్ధతి అంటారు, ముదురు కొమ్మలు కొన్ని ఒకే వైపుకి వాలి ఉంటాయ్, ఒక్కోదాని చివర నిరుడు పెరిగిన కర్ర ఒకటి ఉంచి దానికి నాలుగైదు కళ్ళు వదుల్తారు. ఏటా ఆ కొమ్మ పొడుగు అవుతూ పక్క మొక్క మీదకి పోతది కదా, అప్పుడు దాన్ని తీసెయ్యాలి, తీసేస్తే దాని బదులు ఏది? ఆ బదులు రెమ్మని రెండుమూడేళ్ళ ముందే కింద మొదలు దగ్గర చూసి పెట్టుకోవాలి. కొత్తోళ్ళు ఈ ఏడు పంట చూసి కోస్తారు, కిందున్న చిన్న రెమ్మ పనికిరానిదనుకుని ముందు దాన్నే లేపేస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇంకోటి, మొదలుకి ఆనించి నున్నగా కొయ్యకు. చూడ్డానికి నీట్‌గా ఉంటది గానీ కోసిన గాయం లోపలికి ఎండుకుంటూ పోతది, అందుకే కాస్త మోడు వదలాలి, ఎండేది ఆ మోడులోనే ఎండాలి. ముదురు కొమ్మ కోసినప్పుడు ఆ ముఖం ఒకసారి చూడు, తెల్లగా తడిగా ఉంటే దిగుల్లేదు, మధ్యలో గోధుమరంగు మచ్చ పాకితే బూజు జబ్బు లోపల కాపురం పెట్టినట్టు, ఎస్కా అంటారు దాన్ని, ఒక ఎండాకాలం మధ్యలో మొక్క ఉన్నట్టుండి వాడిపోద్ది. మార్చిలో కోసిన చివర్ల నుంచి నీరు బొట్లు బొట్లుగా కారతది, కంగారు పడకు, వేళ్ళు మేలుకుని నీరు పైకి తోస్తున్నాయంతే. పల్లంలో ఉన్న తోట ముక్కలు ఆఖర్న కత్తిరించు, లేటుగా కోస్తే చిగురు కాస్త లేటవుద్ది, ఏప్రిల్ మంచు నుంచి తప్పించుకునే ఛాన్స్ ఉంటది. 2021 ఏప్రిల్‌లో ఆ మంచు ఎంత చిగురు కాల్చేసిందో ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు.

బ్యాటరీ కత్తెర ఇస్తామంటారు, మొదటి సీజన్ వద్దను, మామూలు కత్తెరతో చెయ్యి. బ్యాటరీది వేలిని కొమ్మలాగే కోసేస్తది. స్పీడ్ తర్వాత వస్తది, విస్తీర్ణాన్ని బట్టి డబ్బులు కాబట్టి అందరూ పరిగెడతారు, నువ్వు మొదట్లో పరిగెత్తకు. రైతు సంఘం వాళ్ళు కత్తిరింపు క్లాసులు పెట్టి పరీక్ష పెడతారు, ఆ సర్టిఫికెట్ ఉంటే పని వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. అవీజ్‌లోనే ద్రాక్ష సాగు స్కూల్ ఉంది, ఫ్రెంచ్ కొంచెం గాడిన పడ్డాక అందులో చేరే సంగతి ఆలోచిద్దాం.

సొంత తోట కొనే కలలు ఇప్పుడే కనకు బాబూ, ఈ వైపు హెక్టారు పది లక్షల యూరోలు ఎప్పుడో దాటేసింది. ఇక్కడి రైతుల్లో చాలామంది కూడా కాయ అమ్ముకునేవాళ్ళే. సొంత పంటతో సొంతంగా షాంపేన్ చేసినోళ్ళ సీసా లేబుల్ మీద సన్నగా ఆర్.ఎం. అని ఉంటది, నా మట్టుకు పెద్ద బ్రాండ్ల కంటే అదే రుచి.

జనవరి 22న సాన్ వాన్సాన్ పండగ, ద్రాక్ష రైతులు కొలిచే సెయింట్ ఆయన. చలి అని గదిలో ముడుచుకోకుండా ఊరేగింపుకి రా, ఊళ్ళో వాళ్ళకి నీ మొహం తెలిసేది అక్కడే, ఫిబ్రవరిలో చేతులు తక్కువైనప్పుడు గుర్తొచ్చేదీ ఆ మొహమే. గ్లాసు ఇస్తే తీసుకో, మీ అమ్మకి నేను చెప్పన్లే.

కాంట్రాక్ట్ రాగానే సంతకం పెట్టకముందే ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, బస గురించి రాసిన పేజీ స్పష్టంగా పడేట్టు తియ్యి.

మీ మావయ్య