ఒకే అర్థం ఉన్న రెండు మాటల్లో ఒకటి ఎందుకు నొప్పిస్తుంది?

"పొదుపరి అంటే సంతోషించే మనిషి పిసినారి అంటే ఎందుకు మండిపడతాడు? రెండూ డబ్బు దాచుకోవడం గురించే కదా, రాసేటప్పుడు ఏది వాడాలో ఎలా తేల్చుకోవాలి?" అని అడిగారు. పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టుల్లో టీచర్ అభిప్రాయం రాయడం చాలా ఏళ్లుగా నా పనిలో భాగం. ఆ చిన్న గడి నింపేటప్పుడు ప్రతిసారీ ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

ఇలాంటి మాట ఒకేసారి రెండు పనులు చేస్తుంది. జరిగింది చెబుతుంది, దాని మీద తీర్పు కూడా ఇచ్చేస్తుంది. పిసినారి అన్నప్పుడు "ఖర్చు పెట్టడు" అన్నది సమాచారం. "పెట్టాల్సిన చోట కూడా పెట్టడు, అది తప్పు" అన్నది తీర్పు. ఆ రెండోదాన్ని మనం విడిగా అనలేదు కాబట్టి, కాదనడానికి ఎదుటి మనిషికి సందు దొరకదు. అందుకే అంత మంట. అలాగని పిసినారి అనే మాటే వాడకూడదని కాదు. సినిమాలు, షికార్లు మానుకుని పిల్లల చదువుకి దాచేవాడు పొదుపరి. ఇంట్లో మనిషి జ్వరంతో మూలుగుతున్నా మందులు కొననివాడిని పిసినారి అనడమే న్యాయం.

ఒక పిల్లవాడు నా క్లాసుకి వచ్చేసరికి వాడి పాత రిపోర్టులో "మొండి, చెప్పిన మాట వినడు" అని ఉంది. కొన్నాళ్లు గమనించాను. లెక్కల పీరియడ్ అయిపోయి బెల్ కొట్టినా పుస్తకం మూయడు. తర్వాతి పాఠం తియ్యమంటే వినపడనట్టే ఉంటాడు. వంచిన తల ఎత్తకుండా, కొట్టేసిన స్టెప్పుల కిందే లెక్క మళ్లీ మొదటి నుంచి వేస్తుంటాడు. అంటే ముందు టీచర్ అబద్ధం రాయలేదు, వాడు మాట వినకపోవడం నిజమే. అదే తీరుని పట్టుదల అన్నా ఎవరూ కాదనలేరు. నేను రెండూ రాయలేదు. "మొదలుపెట్టిన లెక్క తేలేదాకా వదలడు. ఒక పని ఆపి ఇంకో పనిలోకి రావడానికి టైమ్ పడుతుంది" అని రాశాను. వాళ్లమ్మగారు అది చదివి, "ఇంట్లోనూ అంతేనండీ, అన్నానికి పిలిస్తే ఒక పట్టాన రాడు. ఏం చేయమంటారు?" అని అడిగారు. మొండి అని రాసిన రిపోర్టు చూసినప్పుడు ఏమీ అడగకుండా సంతకం పెట్టి వెళ్లిపోయారట. తీర్పు చదివినవాళ్లు తలొంచుకుంటారు, లేకపోతే పోట్లాటకి వస్తారు. చూసింది చూసినట్టు రాస్తే మాట్లాడతారు.

మాట ఎంపిక జ్ఞాపకాన్ని కూడా మార్చగలదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకి కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ప్రశ్నలో క్రియ ఒక్కటే మార్చారు. బలంగా గుద్దుకున్నాయన్న అర్థం వచ్చే మాట వాడితే సగటు జవాబు గంటకి సుమారు 40 మైళ్లు, తాకాయన్నట్టుగా అడిగితే సుమారు 32. ఇంకో ప్రయోగంలో వారం తర్వాత పగిలిన గాజు చూశారా అని అడిగితే, గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన గాజే లేదు.

తెలుగులో ఈ తీర్పు నామవాచకాల్లో, విశేషణాల్లోనే ఉంటుందనుకుంటే సగమే పట్టుకున్నట్టు. క్రియ చివర బోలెడు ఉంటుంది. "రాసిచ్చాడు" అంటే సాయం చేశాడని. "రాసిపెట్టాడు" అంటే ముందుచూపు ఉన్నవాడని. "రాసి పారేశాడు" అంటే ఏదోలా వదిలించుకున్నాడని, అయితే ముందు "ఒక్క రాత్రిలో" అని చేరిస్తే అదే మెచ్చుకోలు అయిపోతుంది. "రాసి చచ్చాడు" అంటే చెప్పేవాళ్లకి ఒళ్లు మండుతోందని. కాగితం మీద అతను రాసిన అక్షరాలు మాత్రం అన్నిసార్లూ అవే. ఎవరి గురించైనా రాశాక నేను ముందు చూసేది ఈ చివరి ముక్కలనే, ఎందుకంటే మన కోపం మనకి తెలియకుండా దూరేది అక్కడే.

ఎవరు అన్నారన్నదీ ముఖ్యమే. అమ్మ బుగ్గ పట్టుకుని "పిచ్చి తల్లీ" అంటే ముద్దు, పక్కవాళ్లు "పిచ్చిది" అంటే గొడవ. రాతలో గొంతు వినపడదు కాబట్టి ఎదురుగా చెల్లే మాట మెసేజ్‌లో చెల్లదు.

ఇక మంచి మాటతో కప్పేయడం. ఇది నాకు అస్సలు నచ్చదు. ఛార్జీలు పెంచి "ఛార్జీల సవరణ" అనడం లాంటిదే, తోటి పిల్లల్ని కొట్టే పిల్లవాడి రిపోర్టులో "కొంచెం చురుకు ఎక్కువ" అని రాయడం. ఇంట్లోవాళ్లు నవ్వుకుని ఊరుకుంటారు. దెబ్బలు తిన్న పిల్ల మర్నాడు కూడా అదే బెంచీ మీద కూర్చోవాలి. అలాంటి చోట "కొడుతున్నాడు" అనే రాస్తాను, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నది కూడా రాస్తాను.